పీరయ్యా, అల్లునికి చెప్పు

మార్చి 10, 2013, ఆదివారం

పీరయ్యను నారాయణగూడలో శ్రీశైలం రంగుచేపల దుకాణంలో ఇచ్చేద్దామని పొద్దున్నే లేచాను. తీసుకెళ్లడానికి మూత ఉన్న బకెట్ దొరకలేదు. వచ్చే ఆదివారం ఇస్తాను.

మార్చి 12

కరెంటు మీటరు చూడటానికి వచ్చినతను ట్యాంకు ముందు ఆగిపోయాడు. "సార్, గిది చేపనా, బల్లినా?" అన్నాడు. రెండూ కాదు, ఆక్సోలోటల్, మెక్సికో దేశపు జీవి, కప్పలకు దూరపు చుట్టం అని చెప్పాను. కప్పపిల్ల తోక పోగొట్టుకుని గట్టెక్కుతుంది. ఇది ఎంత పెరిగినా పిల్లగానే, మెడ దగ్గర మొప్పల కుచ్చులతో, నీళ్లలోనే ఉండిపోతుంది. "మరి పెద్దగెప్పుడైతది?" అన్నాడు. కాదన్నాను. "మంచిగుంది దీని పని" అని రీడింగ్ రాసుకుని పోయాడు.

జువాలజీ లెక్చరర్ భర్తను కాబట్టి ఇంతవరకు చెప్పగలను. ఇంకో ప్రశ్న అడిగితే రచనను పిలవాల్సి వచ్చేది.

పీరయ్య అని పేరు పెట్టింది కూడా రచనే. వాళ్ల కాలేజీలో గంట కొట్టే ఆయన పేరు. ఆయనదీ ఎప్పుడూ నవ్వుమొహమేనట. ఈ జంతువు నోరు పుట్టుకతోనే నవ్వినట్టు ఉంటుంది. జనవరిలో రచనను ఇంటికి తెచ్చిన రోజు కూడా అది అలాగే నవ్వుతూ ఉంది. అప్పుడు చాలా కోపం వచ్చింది.

నాకు దీని మీద ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు.

మార్చి 15

మా అత్తగారు అనసూయమ్మ ఈ పద్నాలుగేళ్లలో నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. గొడవేం కాదు. వాళ్ల ఇంట్లో పద్ధతి. అల్లుడి ఎదుట పడరాదు, పేరు పెట్టి పిలవరాదు, చెప్పేది కూతురికి చెప్పాలి. "రచనా, అల్లుని అన్నం తినుమను" అనేది తలుపు వెనక నుంచి. నేను కూడా రచనకే చెప్పేవాణ్ని. మధ్యలో రచన రెండువైపులా తిరుగుతూ సగం మాటలు మార్చేసేది.

రచన కర్మకాండలు అయ్యాక అత్తగారు ఇక్కడే ఉండిపోయింది. నల్లకుంటలో కొడుకు ఉదయ్ కుమార్ ఉన్నాడు, రమ్మంటున్నాడు. ఎండాకాలం కానీ అంటోంది. మొదటి రెండు వారాలు మా ఇంట్లో మాటే లేదు. ఒకరోజు ఆవిడ ట్యాంకు ముందు నిలబడి, "పీరయ్యా, అల్లునికి చెప్పు, పప్పు పొయ్యి మీదున్నది" అంది.

నేను అద్దం దగ్గరకు వెళ్లి, "పీరయ్యా, ఆకలి లేదని చెప్పు" అన్నాను.

అప్పటి నుంచి సంసారం ఇలా నడుస్తోంది. పీరయ్య మాటలు మార్చదు.

మార్చి 17, ఆదివారం

మూత ఉన్న బకెట్ దొరికింది. ఎండ ఎక్కువగా ఉంది. దారిలో నీళ్లు వేడెక్కుతాయి. వచ్చే ఆదివారం.

మార్చి 20

పాచి.

మొదట వెనక అద్దానికి సన్నగా పట్టింది. ఇప్పుడు ముందు అద్దం కూడా పచ్చబడింది. జావా ఫెర్న్ ఆకుల మీద వెంట్రుకల్లా వేలాడుతోంది. రాళ్లకు కట్టిన జావా మాస్‌లో ఏది మొక్కో ఏది పాచో తెలియడం లేదు. రచన ఉన్నప్పుడు ట్యాంకు అడుగున గులకరాయి కూడా కనిపించేది. ఈ మొక్కలకు మట్టి అక్కర్లేదు, రాయికి దారంతో కట్టేస్తే చాలు, నీటిలోని మురికి అవే తాగేస్తాయి అనేది. ఆవిడ చేసినవన్నీ నేనూ చేస్తున్నాను. లైటు ఎంతసేపు వేసేదో మాత్రం నాకు తెలియదు. నేను రోజంతా వేసి ఉంచుతున్నాను. చీకట్లో దానికి ఒంటరిగా ఉంటుందేమోనని.

శ్రీశైలం దగ్గరకు వెళ్లాను. "సక్కర్ చేప వేస్కోండి సార్, మొత్తం నాకుతది" అన్నాడు. అది రాత్రి పీరయ్య ఒంటికి కరుచుకుని జిగురంతా నాకేస్తుందని రచన ఎప్పుడో చెప్పింది. వద్దన్నాను. నీలం సీసా ఒకటి తీశాడు. రెండు చుక్కలు వేస్తే పాచి ఖతం అన్నాడు. పీరయ్యకు ఏమవుతుంది అని అడిగాను. "చేపలకైతే ఏం కాదు సార్" అన్నాడు. అది చేప కాదని మీటరు చూసేవాడికి చెప్పినట్టే ఇతనికీ చెప్పి వచ్చేశాను.

లైటు తగ్గించాను. తూర్పు కిటికీ నుంచి ఎండ నేరుగా పడుతోంది. అశోక్ నగర్‌లో నేను ప్రూఫులు దిద్దే పోటీ పరీక్షల గైడ్ల కంపెనీలో పాత ప్రూఫులు కట్టలు కట్టలుగా ఉంటాయి. పాలిటీ గైడుది ఒక కట్ట తెచ్చి కిటికీ అద్దాలకు అంటించాను. ఇప్పుడు హాల్లోకి వెలుగు ప్రాథమిక హక్కుల మీదుగా వస్తోంది.

మార్చి 21

బంద్. ఐసు దొరకలేదు. సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి ట్యాంకులో వదిలాను. పీరయ్యకు చల్లని నీళ్లు కావాలి, హైదరాబాదులో మార్చి నెల. ఈ జంతువును ఇక్కడికి తెచ్చినవాళ్లకు దండం పెట్టాలి. తెచ్చింది రచన.

ఏప్రిల్ 1

అత్తగారు ట్యాంకుతో అంటోంది: "పీరయ్యా, నీ ఇల్లు గిట్ల పాచిబట్టె. నా బిడ్డ ఉంటే ఊకుండునా?"

అది నాకు చెప్పమని కాదు. అయినా నాకే తగిలింది.

పాత టూత్ బ్రష్‌తో అద్దం తోమమని శ్రీశైలం చెప్పాడు. బాత్రూమ్‌లో రచన బ్రష్ ఇంకా ఉంది. దాన్ని ముట్టుకోలేదు. చిక్కడపల్లిలో కొత్తది కొని, దాన్ని రెండు రోజులు నేను వాడి, పాతది చేశాను.

ఏప్రిల్ 11

ఉగాది. ఈ ఏడు మాకు లేదు. అత్తగారు పప్పూ అన్నమూ వండింది. నీళ్లు కాస్త తేటపడ్డాయి.

ఏప్రిల్ 16

నిజంగానే తేటపడ్డాయి. అద్దం మీద వేలు పెట్టి గీస్తే ఏమీ అంటలేదు. ఆకుల మీది వెంట్రుకలు రాలిపోయాయి. మొక్కలతో పాటు వచ్చిన చిన్న చిన్న నత్తలు కూడా కనిపించడం లేదు. మంచిదే, వాటిని ఎవరు పిలిచారు.

కిటికీకి ప్రూఫులు అంటించడం వల్లే. వెలుగు తగ్గితే పాచి తగ్గుతుంది, అంతే. ఇంత చిన్న విషయం కోసం జనం సీసాలు కొంటున్నారు.

రచనకు చూపించాలనిపించింది. 

ఏప్రిల్ 20

శ్రీశైలానికి నా పద్ధతి వివరించాను. "మస్తుంది సార్" అన్నాడు. అతని ట్యాంకులన్నీ పచ్చగా ఉన్నాయి. కాగితాలు కావాలంటే ఇస్తానన్నాను.

ఏప్రిల్ 21, ఆదివారం

ట్యాంకు ఇంత బాగున్నప్పుడు ఇవ్వడం దేనికి. ఇంకో వారం చూస్తాను.

ఏప్రిల్ 26

పీరయ్య వానపాము తినలేదు. పటకారుతో మూతి దగ్గర పెడితే తల తిప్పుకుంది. జావా మాస్ గోధుమరంగుకు మారుతోంది. కడుపు నిండుగా ఉందేమో.

ఏప్రిల్ 30

తినలేదు. కరెంటు పొద్దున పోతోంది, సాయంత్రం పోతోంది. ఎండ వల్లే. ఐసు సీసాలు ఎక్కువ చేశాను. ఎర్రగా కుచ్చుల్లా ఉండే మొప్పలు పాలిపోయి, కొసలు ముందుకు ముడుచుకున్నాయి. నీళ్లు మాత్రం మంచినీళ్ల గ్లాసులా ఉన్నాయి. ఇంత శుభ్రంగా రచన కూడా ఎప్పుడూ ఉంచలేదు.

మే 3, శుక్రవారం

అత్తగారు: "పీరయ్యా, ఒక్క ముద్ద తిను బిడ్డా."

వానపామును ముద్ద అనడం ఇదే మొదటిసారి. ఆవిడ గుడ్డు ముట్టుకుంటే కూడా స్నానం చేస్తుంది.

మే 4

ఆఫీసులో జనరల్ సైన్స్ గైడు ప్రూఫు. ప్రశ్న: చెరువులు, జలాశయాలలో శైవలాలను నిర్మూలించుటకు ఉపయోగించునది? నాలుగు జవాబులు. సరైనది కాపర్ సల్ఫేట్. ఒక కామా పెట్టి పంపేశాను.

పీరయ్య నీటిపైకి తేలుతోంది. తోక వంకరపోయింది.

మే 5, ఆదివారం

ఇలాంటి దాన్ని శ్రీశైలం తీసుకోడు.

నాకు భయంగా ఉంది. ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఇది పోతే ఇంట్లో రచన పెంచినది ఏదీ ఉండదు. రచన పోయాక నన్ను ఎవరూ పిల్లల సంగతి అడగలేదు, లేరు కాబట్టి. ఇది పోతే అత్తగారు నాతో ఎవరిని పెట్టుకుని మాట్లాడుతుంది? గోడతోనా? రెండు రోజులు గోడతో మాట్లాడి మూడో రోజు నల్లకుంట వెళ్లిపోతుంది. ఆవిడ వెళ్లడమే మంచిది. ఇల్లు విశాలమవుతుంది. నాకు భయంగా ఉంది.

మే 7

పొద్దున నీళ్లు మారుద్దామని పీరయ్య దాక్కునే సగం కుండ ఎత్తాను. దాని కింద నల్లదారానికి గుచ్చిన బొక్క పైసలు ఉన్నాయి. రాగివి, మధ్యలో చిల్లువి, బ్రిటిషు వాళ్ల కాలంవి. చిన్నపిల్లలకు దిష్టి తగలకుండా మొలతాడుకు కట్టేవి. తళతళలాడుతున్నాయి. చింతపండుతో తోమినట్టు.

అత్తగారు ప్రతి శుక్రవారం దేవుడి సామాను తోమి, ఆ గిన్నెతో హాల్లోకి ఎందుకు వస్తుందో అర్థమైంది. తను తాగే నీళ్ల రాగి బిందెలో కూడా ఆవిడ పైసలు వేస్తుంది. రాగి ఉంటే నీళ్లు చెడవు, పాచి పట్టదు. నిజమే. నేనే మొన్న కామా పెట్టి పంపించాను. పాచి చచ్చింది, నత్తలు చచ్చాయి, మాస్ చస్తోంది. చర్మంతోనూ మొప్పలతోనూ నీళ్లు పీల్చుకునే జంతువు ఆ నీళ్లలోనే కూర్చుని నవ్వుతోంది. కిటికీకి అంటించిన ప్రాథమిక హక్కుల వల్ల ఏమీ జరగలేదు.

పైసలు తీసి నా చొక్కా జేబులో వేసుకున్నాను. పీరయ్యను ఏం చేయాలి? పోయిన ఎండాకాలం దానికి ఒంట్లో బాగాలేకపోతే రచన ప్లాస్టిక్ డబ్బాలో మంచినీళ్లు పోసి, రోజూ మారుస్తూ, ఫ్రిజ్‌లో పెట్టింది. చల్లదనానికి తేరుకుంటుందని. నేనప్పుడు నవ్వాను. ఇప్పుడు డబ్బా పట్టుకుని ఫ్రిజ్ ముందు నిలబడితే అందులో పెరుగు, నిమ్మకాయ పచ్చడి, నైవేద్యం పాలు.

అత్తగారు వచ్చింది. డబ్బాను చూసింది. నడిమి అర ఖాళీ చేసి, పాలగిన్నె బయట పెట్టి, అరను తడిబట్టతో తుడిచింది. తర్వాత డబ్బాతో అంది: "పీరయ్యా, అల్లునికి చెప్పు, తలుపు మెల్లగ వేయుమను. నీకు అదురుతది."

ఆమెకు చెప్పలేకపోయాను. చెబితే ఈ ఇంట్లో ఉండదు. ఎండ వల్లే అన్నాను పీరయ్యతో.

మే 8

నీళ్లు మార్చాను. కదిలింది.

మే 9

ఆవిడ ఇప్పుడు ఫ్రిజ్ తలుపుతో మాట్లాడుతోంది. "చారు కాగింది, అల్లునికి చెప్పు."

మే 10, శుక్రవారం

పొద్దున అత్తగారు పీరయ్య లేని ట్యాంకులో చేయి పెట్టి చాలా సేపు వెతికింది. నేను పేపరు చదువుతున్నాను. ఏం చదివానో గుర్తులేదు.

మే 11

పనిమనిషి ఆశమ్మ గిన్నెలు తోముతుండగా అత్తగారు ఫ్రిజ్ దగ్గర నిలబడి గట్టిగా అంది: "పీరయ్యా, ఇంట్ల సామాన్లకు కాళ్లొస్తున్నయ్. రాగి అంటే గిప్పుడు మంచి ధర ఉన్నదంట."

ఆశమ్మ చేయి కడుక్కుని వచ్చింది. "నన్నే అంటున్నవామ్మా? రచనమ్మ ఉన్నప్పటి సంది చేస్తున్న. ఏం పోయిందో చెప్పు, ముంగట."

"నా బిడ్డ మొలతాటి పైసలు పోయినయ్."

"నాకెందుకమ్మా బొక్క పైసలు? నాకు కడ్తవా, నా కొడుక్కు కడ్తవా? ఇగ రేపటి నుంచి వేరేదాన్ని చూస్కో." కొంగు దోపుకుని చెప్పులు తొడుక్కుంటోంది. కళ్లల్లో నీళ్లు.

కింది వాటిలో సరైనది గుర్తించుము. ఊరుకుంటే ఆశమ్మ పోతుంది, చెబితే అత్తగారు పోతుంది; మూడో జవాబు దొరకలేదు.

"నేనే తీసిన, అత్తమ్మా" అన్నాను.

ఫ్రిజ్‌తో కాదు. ఆవిడతో. పద్నాలుగేళ్లలో మొదటిసారి. 

తర్వాత ఎందుకు తీశానో చెప్పాల్సి వచ్చింది. రాగి మనకు మంచిది, దానికి పడదు అన్నాను. పాచితో పాటు అది కూడా పోతుండె అన్నాను. చాలా మెల్లగా చెప్పాను. ఎంత మెల్లగా చెప్పినా ఆ మాట ఒకటే. జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను.

అత్తగారు ఆశమ్మ చేయి పట్టుకుంది. "తప్పైంది ఆశమ్మా, పోకు" అంది. ఆశమ్మ చెప్పులు విప్పి మళ్లీ గిన్నెల దగ్గరకు వెళ్లింది.

అత్తగారు పైసలను గుప్పిట్లో పట్టుకుంది. ఫ్రిజ్ వైపు తిరిగి అంది. "నా బిడ్డకు చిన్నప్పుడు ఒకటే దగ్గు. మా అత్త గీ పైసలు కట్టింది. కట్టినంక తక్కువైంది. పెద్దమనిషైనప్పుడు నేనే విప్పిన. నేనే విప్పిన పీరయ్యా. నిన్నన్న కాపాడుకుందామని పెట్టిన."

మే 12, ఆదివారం

ఆవిడ ఉదయ్‌కు ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం వచ్చి తీసుకుపొమ్మంది.

మంచిదే.

మే 13

ఫ్రిజ్‌తో మాటలు ఆగిపోయాయి. అన్నం పెట్టి, పళ్లెం చప్పుడు చేసి లోపలికి వెళ్తోంది.

మే 14

చప్పుడు.

మే 15

జనవరిలో పెద్దలు నా మొలతాడు తెంపించారు. భార్య పోయినవాడు కట్టుకోరాదట. అప్పుడు ఏమీ అనిపించలేదు. ఈ మధ్య స్నానం చేసేటప్పుడు చేయి నడుం దగ్గరకు పోయి ఆగిపోతోంది. ఇంట్లోంచి ఏదో మరిచి వచ్చినట్టు ఉంటుంది రోజంతా.

ఇంద్రసేనగారూ, ప్రూఫుల్లో తప్పులు ఎక్కువవుతున్నాయి అన్నాడు మేనేజరు.

మే 17

ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడిగాను. రాళ్లు, కుండ, అన్నీ. మాస్ పారేశాను. జావా ఫెర్న్ గట్టిది, కొత్త ఆకు తొడిగింది. శ్రీశైలం దగ్గర కొత్త మాస్ తెచ్చి రాయికి కట్టాను. అతని ట్యాంకు నీళ్లు కూడా ఒక సీసాడు ఇచ్చాడు, మంచి క్రిములు ఉంటాయన్నాడు. అందులో పాచి ముక్కలు తేలుతున్నాయి. పోసేశాను.

మే 18

పీరయ్యను ట్యాంకులోకి మార్చాను. మొప్పలు నిటారుగా నిలబడ్డాయి. వానపాము పెట్టాను. తినలేదు.

అత్తగారు గదిలో సూట్‌కేసు సర్దుతోంది. ఉండమని చెప్పొచ్చు. ఏమని చెప్పాలి? పీరయ్యకు తోడు అనా? ఆవిడకు కొడుకు ఉన్నాడు, మనవలు ఉన్నారు. ఎవరైనా మొగుణ్ని కోల్పోయిన కూతురి దగ్గర ఉంటారు గానీ, కూతురే లేని ఇంట్లో అల్లుడి దగ్గర ఎందుకు ఉంటారు? అలా ఉన్నవాళ్లెవరూ నాకు తెలియదు.

మే 19, ఆదివారం

పది గంటలకు ఉదయ్ వచ్చాడు. ఆటో కింద ఆపి ఉంచాడు. "బావా, నువ్వు కూడా అప్పుడప్పుడు రా" అన్నాడు. మంచివాడు. సూట్‌కేసు తీసుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు.

నేను ట్యాంకు ముందు పటకారుతో వానపామును పట్టుకుని ఉన్నాను. పీరయ్య చూడటం లేదు. చేతికి పని ఉంటే ముఖం చూపించనక్కర్లేదు కాబట్టి అలాగే పట్టుకున్నాను.

అత్తగారు వచ్చి నా పక్కన నిలబడింది. పోయొస్తానని పీరయ్యకు చెబుతుందనుకున్నాను. పటకారు కోసం చేయి చాపింది. ఇచ్చాను. గుడ్డు ముట్టుకుంటే స్నానం చేసే మనిషి వానపామును నీళ్లలోకి దించి, అటూ ఇటూ ఆడించింది, అన్నం ముద్ద చూపించి పిల్లను ఊరించినట్టు. పీరయ్య మెల్లగా కుండలోంచి తల బయట పెట్టింది. చూసింది. గుటుక్కున మింగేసింది.

"తిన్నది" అన్నాను. 

"అమ్మా, ఆటో ఆగి ఉన్నది" అన్నాడు ఉదయ్.

అత్తగారు నీళ్లలోంచి పటకారు తీయలేదు. అద్దం వైపే చూస్తూ అంది:

"ఇంద్రసేనా."

నా పేరు ఆవిడకు తెలుసని నాకు తెలియదు.

"నన్ను నువ్వు ఒక్కసారి ఉండుమను. పీరయ్యతోని కాదు. నాతోని అను."

"ఉండుండ్రి అత్తమ్మా" అన్నాను. "ఇంట్ల నాకు మనసునబడ్తలేదు. మీరు పోతే నేనెవరితోని మాట్లాడాలె?" ఇంకా ఏదో అన్నాను, ఏడుస్తూ అన్నాను కాబట్టి గుర్తులేదు. ఉదయ్ సూట్‌కేసు కింద పెట్టి, ఆటోను పంపించేయడానికి మెట్లు దిగాడు.

ఆవిడ చేయి కడుక్కుని వచ్చి నడుం దగ్గర దోపుకున్న చిన్న పొట్లం తీసింది. కొత్త నల్లదారం, దానికి ఆ బొక్క పైసలు.

"పోయెటప్పుడు ఇద్దామనుకున్న. గివి నీళ్లల్ల వేసేటివి కావు, మనిషికి కట్టేటివి. కట్టుకో."

"భార్య పోయినోడు కట్టుకోవద్దంటరు గద."

"జనవరిల తెంపుమన్నదాన్ని నేనే. గిప్పుడు కట్టుమంటున్న. నా బిడ్డకు విప్పి ఆగమైన, నీకు విప్పి ఊకోవాల్నా?"

బాత్రూమ్‌లోకి వెళ్లి కట్టుకున్నాను. చల్లగా తగిలాయి.

మే 26, ఆదివారం

ఎడమవైపు అద్దానికి సన్నగా పాచి పట్టింది. గీకలేదు.

మధ్యాహ్నం అన్నం తింటుంటే అత్తగారు ఎదురుగా కూర్చుని అడిగింది. "ఇంద్రసేనా, చారుల ఉప్పు సరిపోయిందా?"

సరిపోలేదు. సరిపోయిందన్నాను.

ఆవిడ ట్యాంకు వైపు తిరిగింది. "పీరయ్యా, అల్లునికి చెప్పు, అబద్ధమాడొద్దని."